అమెరికాలో ఏ చర్చికి వెళ్ళాలి, పిల్లలకు మన భక్తి ఎలా అందించాలి: ఒక అమ్మమ్మ సమాధానం

అమ్మా, ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్ళకూ తెలుస్తుంది. మీరు గుంటూరు నుంచి వచ్చి కొన్నేళ్ళుగా ఫిలడెల్ఫియా శివార్లలో ఉంటున్నారు. ఇంటి దగ్గరున్న అమెరికన్ లూథరన్ (మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టంట్ శాఖ) చర్చికి వెళుతున్నారు, తెలుగు సంఘం గంటకు పైగా ప్రయాణం. పిల్లలిద్దరికీ దగ్గరి చర్చే ఇష్టం. ఈమధ్య వచ్చిన మీ అత్తయ్యగారు మాత్రం జనం నిక్కర్లలో, చేతిలో కాఫీ కప్పులతో, కాళ్ళకు చెప్పులతో లోపలికి రావడం చూసి నొచ్చుకున్నారు. డిసెంబరు 25 ఉదయం పట్టుచీర కట్టుకుని వెళితే చర్చి తలుపులు మూసి ఉన్నాయని కారులోనే కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఎటు వెళ్ళాలి, పిల్లలకు మన భక్తి, మన తెలుగు ఎలా నిలబడతాయి, అసలు మనం ఇక్కడ ఎవరం అని అడిగారు.

నేను గుంటూరులో నర్సింగ్ చదువుకుని 1980లలో పెన్సిల్వేనియా వచ్చాను. ఇక్కడే ఉద్యోగం చేసి రిటైరయ్యాను, పిల్లలు ఇక్కడే పెరిగారు, ఇప్పుడు మనవలు. మీరు రాసిన ప్రతి మాటా నేను చూసిందే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. దగ్గరి చర్చి మానకండి. నెలకో ఆదివారం తెలుగు సంఘానికి తప్పకుండా వెళ్ళండి. మిగిలిందంతా మీ ఇంట్లో, వంటగదిలో, రాత్రి ప్రార్థన దగ్గర జరగాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ అమెరికన్ చర్చిలో మీరు చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళలాగా వెనక వరుసలో కూర్చోవడం మానండి. ఆ సంఘం కథలో మీ కుటుంబం 1842 నుంచీ ఉంది. అదెలాగో కింద రాస్తాను.

అత్తయ్యగారి బాధ ముందు. మన ఊళ్ళో తాటాకు పందిరి కింద ఆరాధనైనా సరే, చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం, ఆడవాళ్ళు కొంగు తల మీదికి లాక్కుంటారు, అయ్యగారిని, అంటే పాస్టర్‌ని, పేరు పెట్టి పిలవడం కలలో కూడా చెయ్యం. అలా డెబ్భై ఏళ్ళు బతికిన మనిషికి ఇక్కడ పదేళ్ళ పిల్ల పాస్టర్‌ని పేరు పెట్టి పిలిచి చేయి చాపితే గుండె గుభేలుమనక ఏమవుతుంది? ఆవిడ తప్పేం లేదు, ఆవిడకు సర్దిచెప్పే ప్రయత్నం చెయ్యకండి. కానీ ఒకటి చూపించండి. ఇక్కడివాళ్ళ భక్తి వేషంలో కనిపించదు, పనిలో కనిపిస్తుంది. నేను పనిచేసిన వార్డులో ఒక ముసలావిడ చివరి రోజుల్లో ఉండేది, పిల్లలు ఎక్కడో కాలిఫోర్నియాలో. ఆవిడ చర్చివాళ్ళు ఒక కాగితం మీద గంటలు రాసుకుని వంతులవారీగా వచ్చి కూర్చునేవాళ్ళు. రాత్రి రెండింటికి వచ్చేవాళ్ళలో ఒకాయన ఎప్పుడూ బేస్‌బాల్ టోపీ, నిక్కరుతోనే ఉండేవాడు, ఆ ముసలావిడ పెదవులు ఎండిపోతుంటే చిన్న స్పాంజి పుల్ల నీళ్ళలో ముంచి తడిపేవాడు, ఎలా చెయ్యాలో నన్నడిగి నేర్చుకున్నాడు. రక్తసంబంధం ఏమీ లేదు. అది చూశాక ఆయన నిక్కరు గురించి నాకు అభ్యంతరం లేకుండా పోయింది. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషనైతే చూడండి, అల్యూమినియం ట్రేలలో వండిన కూరలు, నూడుల్స్ మీ గుమ్మం ముందుకు వస్తాయి, ఎవరు ఏ రోజు తేవాలో ముందే లిస్టు రాసుకుంటారు. మనకు నోటికి సయించకపోవచ్చు, అయినా తీసుకోండి, ట్రే కడిగి తిరిగిచ్చేటప్పుడు మీ పులిహోర పెట్టి ఇవ్వండి.

పాస్టర్‌ని పిలిచే విషయంలో మాత్రం మీ పిల్లల్ని పేరుకు ముందు 'పాస్టర్' చేర్చి పిలవమనండి. అక్కడి వాళ్ళెవరూ ఏమీ అనుకోరు, మీ అత్తయ్యగారికి ఊరట. ఆవిడ చెప్పులు బయట విడిచి వట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళాలనుకుంటే వెళ్ళనివ్వండి, చలికాలం మేజోళ్ళు వేసుకుంటే చాలు. కొంగు కప్పుకోవడం కూడా అంతే. నేను ఇప్పటికీ కప్పుకుంటాను.

ఇక ఆ చర్చిలో బెంచీలు ఎందుకు ఖాళీగా ఉంటాయని కూడా ఆవిడ అడిగే ఉంటారు. అమెరికాలో పెద్ద లూథరన్ సమాజం 1988లో ఏర్పడినప్పుడు 50 లక్షలకు పైగా సభ్యులుండేవాళ్ళు, ఇప్పుడు 30 లక్షల లోపే. పిల్లలు ఎదిగి వెళ్ళిపోయారు, వెనక్కి రాలేదు. అందుకే మీ ఇద్దరు పిల్లలు ముందు వరుసలో కూర్చుంటే ఆ ముసలివాళ్ళ మొహాలు వెలుగుతాయి. పిల్లలకు అక్కడ బాగుండటానికి అదీ ఒక కారణమే, వాళ్ళ పేరు తెలిసిన పెద్దవాళ్ళు పాతికమంది ఉన్నారు. తాతలూ మామ్మలూ ఏడు సముద్రాల అవతల ఉన్న పిల్లలకు అది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు అసలు విషయం. ఆరాధన అయ్యాక అందరూ కాఫీ తాగుతూ మాట్లాడుకునే కాఫీ అవర్‌లో ఎవరో మిమ్మల్ని 'మీరు ఎప్పుడు క్రైస్తవులయ్యారు?' అని అడిగారని, ఏం చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్నారని రాశారు. ఈ ప్రశ్న నన్నూ ఎన్నో ఏళ్ళు అడిగారు. ఇండియా అంటే అందరూ హిందువులేననుకుని మంచి మనసుతోనే అడుగుతారు. తెలుగువాళ్ళ కూడికల్లో ఇదే ప్రశ్న ఇంకో వైపు నుంచి వస్తుంది, ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, ఆ తర్వాత మాట తీరు మారుతుంది. రెండు చోట్లా మనం సంజాయిషీ ఇచ్చుకునేవాళ్ళలా నిలబడాల్సిన అవసరం లేదు. కథ తెలిస్తే నిలబడం.

ఆ కథ ఇది. హేయర్ అనే పాస్టర్ పెన్సిల్వేనియా లూథరన్లు పంపగా 1842 జులై 31న గుంటూరు చేరారు. ఆయన పుట్టింది జర్మనీలో, పెరిగి పనిచేసింది ఇక్కడ. మన లూథరన్ సంఘాలకు మొదలు అక్కడే. డెబ్భై అయిదు దాటిన వయసులో, 1869లో మళ్ళీ ఓడెక్కి రాజమండ్రి వెళ్ళారు. చివరికి 1873లో మీరుంటున్న ఫిలడెల్ఫియాలోనే కన్నుమూశారు. మీ ఇంటికి దగ్గర్లో ఆర్డ్‌మోర్ అనే ఊరుంది కదా, రైలు అక్కడ ఆగుతుంది. గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి పేరు ఎవరిదో ఆ డాక్టర్ అన్నా కుగ్లర్ పుట్టింది ఆ ఆర్డ్‌మోర్‌లోనే. 1883లో గుంటూరు వచ్చి, 1930లో గుంటూరులోనే చనిపోయారు. నేను ఆ ఆసుపత్రిలో పుట్టాను. మీ అత్తయ్యగారిని కూడా అడగండి, గుంటూరులో ఆ తరంవాళ్ళు ఏ మతమైనా సరే ఎంతోమంది అక్కడే పుట్టారు. ఆవిడని ఒక రోజు ఆర్డ్‌మోర్ తీసుకెళ్ళి ఆ వీధుల్లో నడిపించండి. మా అమ్మ వచ్చినప్పుడు నేను తీసుకెళ్ళాను. ఆ రోజు నుంచి మా అమ్మకు ఈ దేశం పరాయిది కాకుండా పోయింది, 'డాక్టరమ్మగారి ఊరు' అయింది.

మీవారి తరఫువాళ్ళు ఒంగోలు వైపు బాప్టిస్టులన్నారు కాబట్టి ఆ కథ కూడా పిల్లలకు చెప్పండి. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చారు, కరువు ఉన్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇక్కడ ఒక్క విషయం నొక్కి చెప్పాలి. ఈ పని దొరలు ఒక్కళ్ళే చేసింది కాదు. ఎర్రగుంట్ల పేరయ్యగారని, మాదిగ కులంలో పుట్టిన మనిషి, తనంతట తానే ఒంగోలు నడిచి వెళ్ళి క్లౌగారిని తమ ఊళ్ళవైపు రమ్మని పిలిచినవారు. ఊరూరా తిరిగింది ఆయనలాంటి మనవాళ్ళే. వాళ్ళ వెనక ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం, చదువు చెప్పిన బైబిలు స్త్రీలు, పల్లెల్లో ఉపదేశకులు. ఊరి బావిలో నీళ్ళు తోడుకోనివ్వని రోజుల్లో మన ముత్తవ్వలకు అక్షరాలు దిద్దించింది వాళ్ళు. మన విశ్వాసం వెనక ఆకలి ఉంది, అవమానం ఉంది, తల ఎత్తుకోవాలన్న పట్టుదల ఉంది. ఇది పిల్లలకు స్కూల్లో ఎవరూ చెప్పరు, మీరు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

ఇక్కడి కొత్త తరం పాస్టర్లలో చాలామందికి మిషనరీల మాట ఎత్తితే ఇబ్బంది, తెల్లవాళ్ళు వెళ్ళి బలవంతం చేసి ఉంటారేమోనని లోలోపల సిగ్గుపడుతుంటారు. వాళ్ళ సిగ్గు మంచి చోటు నుంచే వస్తుంది కానీ, అందులో మన తాతలు కనిపించకుండా పోతారు, ఏదో చేతికిస్తే పుచ్చుకున్న అమాయకుల్లా మిగులుతారు. అందుకని మీ పాస్టర్‌ని ఒకసారి భోజనానికి పిలవండి, అత్తయ్యగారిని పక్కన కూర్చోబెట్టి ఆవిడ సాక్ష్యం చెప్పించండి, మీరు ఇంగ్లీషులో చెప్పండి. ఆ తర్వాత ఒక ఆదివారం ఆరాధనలో ఐదు నిమిషాలు ఇమ్మని అడగండి. మా అమ్మ అలా మాట్లాడింది. వాళ్ళ నాయనమ్మకు బైబిలు స్త్రీ లాంతరు వెలుగులో చదువు ఎలా చెప్పిందో, పొలం పని నుంచి వచ్చి మట్టి చేతులు కడుక్కుని పలక పట్టుకునేవాళ్ళట, అదంతా చెప్పింది. మాట్లాడటం అయ్యాక ఒక ముసలాయన వచ్చి, చిన్నప్పుడు సండే స్కూల్లో గుంటూరు ఆసుపత్రి కోసం చిల్లర పైసలు డబ్బాలో వేసేవాళ్ళమని, అవి ఎక్కడికి వెళ్ళాయో ఇన్నాళ్ళకు చూశానని అన్నారు. మర్నాటి నుంచి ఆ చర్చిలో మమ్మల్ని ఎప్పుడు క్రైస్తవులయ్యారని ఎవరూ అడగలేదు.

పిల్లల సంగతికి వస్తాను. తెలుగు సంఘంలో పిల్లలు విసుక్కోవడానికి భాష సగం కారణమే, అక్కడ వాళ్ళకు చేసే పనేమీ ఉండదు, రెండున్నర గంటలు కూర్చోవాలి. అమెరికన్ చర్చిలో తొమ్మిదేళ్ళ పిల్లకు కూడా తెల్ల అంగీ తొడిగి బలిపీఠం మీద కొవ్వొత్తులు వెలిగించే పని ఇస్తారు, పళ్ళెం పట్టిస్తారు, వాక్యం చదివిస్తారు. పిల్లలు పని ఇచ్చిన చోటే నిలుస్తారు. తెలుగు సంఘం అయ్యగారితో మాట్లాడి నెలకు ఒక్కసారైనా మీ పిల్లల చేత ఏదైనా చేయించమనండి, తెలుగు లిపి రాకపోతే వాక్యం ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చి అయినా చదివించండి. ఉచ్చారణ తప్పితే ఎవరూ నవ్వకుండా చూసుకోండి. పెద్దవాళ్ళు ముద్దుగానే నవ్వుతారు, పన్నెండేళ్ళ పిల్లాడికి మాత్రం అది ఏళ్ళ తరబడి గుచ్చుకుంటుంది.

కీర్తనలు మాత్రం ఇంట్లోనే నేర్పాలి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూపించండి, కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారి లాంటి వాళ్ళు మన సంగీతంలోనే కట్టిన పాటలు అవి. మిగతా తెలుగు పిల్లలు కర్ణాటక సంగీతం క్లాసులకు వెళుతుంటే అది మనది కాదేమోనని మీ అమ్మాయి అడిగిందన్నారు కదా, ఆ పుస్తకం పేజీ చూపిస్తే చాలు, జవాబు అక్కడే ఉంది. క్లాసుకు పంపండి కూడా. ఇక్కడ చాలా స్కూళ్ళలో నాలుగో తరగతికల్లా వయొలిన్ చేతికిస్తారు. మా మనవరాలు స్కూల్లో నేర్చిన వయొలిన్ మీద మా అమ్మ ఇష్టపడే కీర్తన వాయించడం నేర్చుకుంది, కానుకల సమయంలో అమెరికన్ చర్చిలో వాయించింది. నెలకు ఒక కీర్తన చాలు, మొదటి చరణమే చాలు. రాత్రి ప్రార్థన పది నిమిషాలు దాటనివ్వకండి, నాయనమ్మ తెలుగులో, పిల్లలు వాళ్ళకొచ్చిన భాషలో. నాయనమ్మ వెళ్ళిపోయాక కూడా ఫోన్‌లో కలపండి. అక్కడ తెల్లారి లేచి ప్రార్థన చేసుకునే వేళకు ఇక్కడ పిల్లల రాత్రి భోజనం వేళ అవుతుంది, బాగా కుదురుతుంది.

ఇంకొక్కటి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. పిడికెడు బియ్యం. మన అమ్మలు అన్నానికి బియ్యం కొలిచాక కడిగేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేవాళ్ళు, ఆదివారం సంచిలో పోసి సంఘానికి తెచ్చేవాళ్ళు. ఇంట్లో నాలుగు గింజలే ఉన్న రోజుల్లో కూడా మానేవాళ్ళు కాదు. ఆ పిడికెళ్ళతో ఎన్నో పల్లెల్లో సంఘాల ఖర్చులు గడిచాయి. మీ వంటింట్లో సోనా మసూరి బస్తా పక్కన ఒక డబ్బా పెట్టండి, ప్రతి పూటా పిడికెడు తీసే పని పిల్లలదే. చిన్నవాడి పిడికిట్లో పట్టేది కాసినే, కింద సగం ఒలికిపోతాయి, ఊడ్చుకోవచ్చు. డబ్బా నిండాక మీ అమెరికన్ చర్చి ఫుడ్ ప్యాంట్రీకి, అంటే లేనివాళ్ళకు ఉచితంగా సరుకులు ఇచ్చే చోటికి, ఇవ్వాలి. కానీ ఫుడ్ ప్యాంట్రీల్లో సాధారణంగా విడి బియ్యం తీసుకోరు, సీల్ ఉన్న ప్యాకెట్టే కావాలంటారు. అందుకని డబ్బాలో బియ్యం ఎంతుందో తూచి, అంత బరువు ప్యాకెట్టు కొని ఇవ్వండి, డబ్బా బియ్యం మీరు వండుకోండి. తూచడం, కొనడం, తీసుకెళ్ళి ఇవ్వడం అన్నీ పిల్లల చేతే చేయించండి. మన మామ్మలు చేసిన పని, ఇక్కడ ఆకలితో ఉన్నవాళ్ళకు పనికొస్తుంది. దీనికి తెలుగు వచ్చా రాదా అనే టెన్షన్ లేదు, ఏ చర్చి అన్న గొడవా లేదు. అత్తయ్యగారు ఉన్న ఈ ఆరు నెలల్లోనే మొదలుపెట్టండి, మొదటి పిడికెడు ఆవిడే తీసి చూపించాలి.

హాలోవీన్ గురించి, అంటే అక్టోబరు 31 రాత్రి పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ మిఠాయిలకు వచ్చే పండుగ గురించి అడిగారు. నా అభిప్రాయం గట్టిదే. దెయ్యాల బొమ్మలు మా ఇంట్లో పెట్టం, కానీ తలుపు తట్టిన పిల్లకు చాక్లెట్ లేదనం. పక్కింటివాళ్ళు ఏడాదికి ఒకసారి మన గుమ్మంలోకి వచ్చే రోజు అది. మీ పిల్లలకు వెళ్ళాలనుంటే చాలా చర్చిలు పార్కింగ్ స్థలంలో కార్ల డిక్కీలు తెరిచి మిఠాయిలు పంచుతాయి, అక్కడికి తీసుకెళ్ళండి.

ఇక క్రిస్మస్. ఇక్కడి లూథరన్లకు జర్మనీ నుంచి వచ్చిన అలవాటు ప్రకారం 24 సాయంత్రమే పెద్ద ఆరాధన, 25 ఇంటి పండుగ. వచ్చే ఏడాది అత్తయ్యగారు ఉంటే 24 రాత్రి తీసుకెళ్ళండి. గుమ్మం దగ్గర ప్రతి ఒక్కరికీ కాగితపు గిన్నె తొడిగిన చిన్న కొవ్వొత్తి ఇస్తారు. చివర్లో దీపాలన్నీ ఆర్పి ఒకరి నుంచి ఒకరు వెలిగించుకుంటారు. వెలుగుతున్న కొవ్వొత్తి నిటారుగా ఉంచాలి, వెలగనిదాన్నే వంచి అంటించుకోవాలి, లేకపోతే వేడి మైనం చేతి మీద పడుతుంది. పిల్లలకు ముందే చెప్పండి. 25 ఉదయం మాత్రం తెలుగు సంఘానికే, ఎంత దూరమైనా. పలావు, కొత్త బట్టలు, 31 రాత్రి ఆరాధన, కొత్త ఏడాదికి బైబిలు వాక్యం రాసి ఇచ్చే వాగ్దానం కార్డు ఇవన్నీ అక్కడ దొరుకుతాయి, ఇంకెక్కడా దొరకవు.

మన ఊళ్ళో ఇంటింటికీ స్టార్ కడతాం కదా, ఆవిడ అది లేదని కూడా బాధపడ్డారన్నారు. డిసెంబరులో ఒక సాయంత్రం బెత్లెహేము తీసుకెళ్ళండి. నిజంగా ఆ పేరుతోనే పెన్సిల్వేనియాలో ఊరుంది, మీకు గంటా గంటన్నర. 1741లో మొరేవియన్ క్రైస్తవులు (యూరప్ నుంచి వచ్చిన ఒక పాత ప్రొటెస్టంట్ శాఖవాళ్ళు) కట్టుకున్న ఊరు, ఆ ఏడాది క్రిస్మస్ ముందు రాత్రే ఆ పేరు పెట్టుకున్నారు. అక్కడ వసారాల్లో 26 కోణాల నక్షత్రాలు వేలాడుతుంటాయి, కొండ మీద పెద్ద దీపాల నక్షత్రం ఊరంతటికీ కనిపిస్తుంది.

ఆవిడ ఈస్టర్ దాకా ఉంటారన్నారు, అది ఇంకా మంచిది. చర్చి లాన్‌లో గుడ్లు వెతికే ఆట చూసి ఆవిడ మళ్ళీ నొచ్చుకోకముందే చెప్పి ఉంచండి, అది పిల్లల సరదా, పండుగ అది కాదు. మన దగ్గర ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్ళి పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాడతాం. ఆ బెత్లెహేములో మొరేవియన్లు కూడా సరిగ్గా అదే చేస్తారు, చీకటితోనే లేచి, ట్రోంబోన్లు వాయించుకుంటూ పాత సమాధుల తోటకు నడిచి వెళ్ళి సూర్యోదయానికి అక్కడ నిలబడతారు. అక్కడ రాళ్ళన్నీ నేలకు పరిచినట్టు ఒకే ఎత్తులో ఉంటాయి, గొప్పవాడని ఎవరి రాయీ పైకి లేవదు. ఎవరైనా వెళ్ళవచ్చు. టైము ముందు రోజే వాళ్ళ చర్చి వెబ్‌సైట్‌లో చూసుకోండి, ఏప్రిల్‌లోనైనా ఆ వేళకు బాగా చలి ఉంటుంది, ఆవిడకు శాలువా, మందపాటి మేజోళ్ళు, ఫ్లాస్కులో వేడి పాలు పెట్టుకోండి. గడ్డి మంచుకు తడిసి జారుతుంది కాబట్టి అమ్మాయిని నాయనమ్మ చెయ్యి పట్టుకుని నడవమనండి. మీ వైపు నుంచి బయలుదేరాలంటే తెల్లవారుజామున మూడున్నరకే కారెక్కాలి, పిల్లల్ని ముందు రోజు పెందలాడే పడుకోబెట్టండి.